‘సార్ లేరా అమ్మా?’: రెండున్నర నిమిషాల ఇంటి కామెడీకి ఎనిమిది కాలమ్‌ల పట్టిక

ఇంట్లో జరిగే సంగతుల మీద, ఆడామగా తేడాల మీద చిన్న కామెడీ వీడియోలు తీసేవాళ్లకి పనికొస్తుందని ఈ డైరీ. షూటింగ్ గుంటూరు బ్రాడీపేటలోని ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో. హాస్య సిద్ధాంతాల్ని వ్యాసంలో రాసుకోవడం ఒకటి, స్క్రిప్టు పక్కన పెట్టుకుని ఏ పంక్తి కొట్టేయాలో తేల్చుకోవడం మరొకటి. ఇక్కడున్నది రెండోది.

చేతిలో ఉన్న సరుకు ఐదు సీన్లు.

1. భార్య పుట్టింటికెళితే పోపుల డబ్బా కోసం ఇల్లంతా వెతికే భర్త.
2. వీడియో కాల్‌లో భార్య చెబుతుంటే సాంబారు పెట్టే భర్త.
3. విజయవాడ బీసెంట్ రోడ్డు చీరల కొట్లో కుర్చీలో కునికే భర్త.
4. లేడీ గెటప్‌లో వచ్చిన తమ్ముడిని పెళ్లికూతురనుకునే పెద్దాయన.
5. బోరు మోటారు పాడైతే వచ్చిన ఎలక్ట్రీషియన్, మోటారు సంగతి తెలిసిన భార్య, తెలియని భర్త.

ఖాతా: సీన్లు 5, పంక్తులు 118.

దశ 1: పట్టిక

నవ్వు మీద పెద్ద సిద్ధాంతాలు మూడు. ఎదుటివాడి కంటే మనం మేలనిపించినప్పుడు నవ్వొస్తుందని తత్వవేత్త హాబ్స్ (1651). బిగబట్టిన ఎదురుచూపు ఉన్నట్టుండి ఏమీ కాకుండా పోతే వస్తుందని ఇంకో తత్వవేత్త కాంట్ (1790). అణచిపెట్టుకున్నది బయటపడే దారి దొరికితే వస్తుందని మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ (1905). మొదట ప్రతి పంక్తి పక్కనా ఈ మూడింట్లో ఒక పేరు రాసి చూశాం. పని జరగలేదు. దాదాపు ప్రతి పంక్తికీ మూడూ అతుకుతాయి. అన్నిటికీ అతికే చీటీ ఏ పంక్తి ఉంచాలో ఏది తీసేయాలో చెప్పదు.

అందుకని హాస్య పరిశోధకులు రాస్కిన్, అటార్డో 1991లో ప్రతిపాదించిన ‘జనరల్ థియరీ ఆఫ్ వెర్బల్ హ్యూమర్’కి మారాం. అది జోకుని ఆరు భాగాలు చేస్తుంది. స్ప్రెడ్‌షీట్‌లో ఆరు కాలమ్‌లకి మా పేర్లు ఇవి:

1. ఎదురు: ఒకదానికొకటి పొసగని ఏ రెండు ఊహలు ఢీకొంటున్నాయి.
2. మెలిక: ఆ రెండింటినీ ఏ వంకతో కలిపారు.
3. సందర్భం: ఎక్కడ, ఏ వస్తువులతో.
4. గురి: ఎవరి మీద. ఖాళీగానూ ఉండొచ్చు.
5. తీరు: సంభాషణా, ప్రశ్నా జవాబా, ఒకరే చెప్పుకుపోవడమా.
6. భాష: అచ్చంగా ఏ మాటలు.

ఈ సిద్ధాంతం లెక్కలో పైనున్న కాలమ్ మారితే జోకు బాగా మారినట్టు, కిందిది మారితే అదే జోకుకి చొక్కా మార్చినట్టు. పట్టిక నింపగానే తేలిందేమిటంటే, 1, 2 సీన్లకి ‘ఎదురు’ ఒకటే, ‘మెలిక’ ఒకటే, ‘గురి’ ఒకటే. పోపుల డబ్బా బదులు సాంబారు గిన్నె, అంతే తేడా. చానళ్లలో వారానికో ‘కొత్త’ వీడియో ఇలాగే పుడుతోంది. రెండో సీన్ తీసేశాం.

ఖాతా: సీన్లు 4, పంక్తులు 96, కాలమ్‌లు 6.

దశ 2: గురి కాలమ్ కుదరలేదు

తీసేసిన సీన్‌తో సహా 118 పంక్తులకీ ‘గురి’ కాలమ్‌ని ఇద్దరు విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా నింపారు. 92 చోట్ల కలిసింది. వందకి 78 అంటే బాగానే ఉందనిపిస్తుంది, కానీ ఆ అంకెని నమ్మకూడదు. సగం పంక్తులకి జవాబు ‘భర్త’ అయినప్పుడు కళ్లు మూసుకుని రాసినా చాలా కలుస్తాయి. మనస్తత్వవేత్త కోహెన్ 1960లో ఇచ్చిన కప్పా లెక్క దీనికోసమే: కలిసిన వంతులోంచి గుడ్డిగా కలిసే వంతు తీసేసి, దాన్ని ఒకటిలోంచి గుడ్డిగా కలిసే వంతు తీసేస్తే వచ్చేదానితో భాగించాలి. మాకు గుడ్డి వంతు 0.52. అంటే 0.26ని 0.48తో భాగిస్తే 0.54. మధ్యస్థం.

తేడా ఎక్కడొస్తోందో పంక్తి పంక్తీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకరు ‘తెర మీద వెర్రిమొహం వేసిందెవరు’ అని రాస్తున్నారు, రెండోవారు ‘ఎవరి మీద చులకన కలిగింది’ అని రాస్తున్నారు. ఈ రెండూ ఒకటి కావు. నిబంధనని ఒకే ప్రశ్నకి కుదించాం: ఈ పంక్తి విన్నాక ఎవరి విలువ తగ్గింది? ఎవరిదీ తగ్గకపోతే గడి ఖాళీ. మళ్లీ నింపితే 104 కలిశాయి. గుడ్డి వంతు 0.50, కప్పా 0.76. పనికొస్తుంది.

మీరు చేసేటప్పుడు కప్పా 0.6 దాటేదాకా తర్వాతి దశకి వెళ్లకండి. గురి ఎవరో తేల్చుకోకుండా రాసిన స్క్రిప్టుని షూటింగులో ఏ నటుడూ కాపాడలేడు.

దశ 3: ఆడామగా తారుమారు

1. ఆడ పాత్రని మగగా, మగ పాత్రని ఆడగా చేయాలి. పాత్రల పేర్లు, వరసలు మాత్రమే మార్చాలి. ‘ఏమండీ’ అన్నచోట అతను పిలిచే పేరు, ‘అత్తయ్యా’ అన్నచోట ‘మామయ్యా’. మిగతా మాట ఒక్కటి కూడా ముట్టుకోకూడదు.
2. పైకి చదవాలి. కళ్లతో చదివితే తేడా తెలియదు.
3. పాత నవ్వు ఇంకా బతికుందా, చచ్చిందా, కొత్తది పుట్టిందా రాయాలి. ఇది ఏడో కాలమ్. నవ్వు చచ్చిందంటే అది మూస జోకు, తీసేయాలని నిబంధన.

చీరల కొట్టు సీన్ తారుమారులో బతికింది. ఇక్కడొక్కచోటే నిబంధన సడలించి చీరల బదులు హెల్మెట్లు పెట్టాం. అతను అచ్చు ఒకేలా ఉన్న రెండు హెల్మెట్లలో ఏది కొనాలో తేల్చుకోలేకపోవడం, ఆమె కుర్చీలో కునకడం. అంటే అది ఆడామగా జోకు కాదు, ఎంపిక జోకు. పక్కన పెట్టాం, ఇంకెప్పుడైనా పనికొస్తుంది.

లేడీ గెటప్ సీన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వికృతమైన వేషం హాస్యానికి కారణమని నాట్యశాస్త్రంలోనే ఉంది, నవ్వు వస్తుందనడంలో అనుమానం లేదు. చిక్కేమిటంటే విగ్గు కనబడగానే నవ్వేసి, తర్వాత ఒక్క మాటా వినరు. పద్దెనిమిది పంక్తులు రాసి వాటి పని విగ్గుకి అప్పగించడం దండగ. తీసేశాం.

అసలు తికమక మోటారు సీన్ దగ్గర వచ్చింది. తారుమారు చేస్తే ఆ సీన్ పూర్తిగా చచ్చిపోయింది. తలుపు తీసిన మగమనిషిని ‘మేడమ్ లేరా సార్?’ అని ఏ ఎలక్ట్రీషియనూ అడగడు. మా నిబంధన ప్రకారం చచ్చిన జోకు మూస జోకు, తీసేయాలి. పోపుల డబ్బా కూడా తారుమారులో చచ్చింది. కానీ ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం తప్పని చదువుతుంటేనే తెలుస్తోంది. తేడా ఎక్కడుంది?

‘ఎదురు’ కాలమ్‌లో ఉంది. మోటారు సీన్‌లో ఢీకొంటున్న రెండు ఊహలు ‘మోటారు తెలిసినవారితో మాట్లాడాలి’, ‘మోటారు సంగతి మగవాళ్లతో మాట్లాడాలి’. ఆడామగా రివాజు ఇక్కడ ఎదురులోనే నిలబడి ఉంది, నవ్వు దాని మీదే. పోపుల డబ్బాలో ఢీకొంటున్నవి ‘ఇంటి యజమాని’, ‘ఇంట్లో వస్తువు దొరకనివాడు’. వంటిల్లు ఆడవాళ్లదన్న రివాజుని ఎవరూ ఎదుర్కోవడం లేదు. అది గోడలాగా వెనకాల ఉండి, జోకు దానికి ఆనుకుని నిలబడింది.

కాబట్టి మార్చిన నిబంధన: తారుమారులో చచ్చిన ప్రతి జోకుకీ, రివాజు ‘ఎదురు’లో ఉందా, వెనకాల ఉందా అని చూడాలి. ఎదురులో ఉంటే ఉంచాలి. వెనకాల ఉంటే అనుమానించాలి.

ఖాతా: సీన్లు 2, పంక్తులు 58, కాలమ్‌లు 7.

దశ 4: పోపుల డబ్బా ఎందుకు పోయింది

అనుమానించాలన్నాం గానీ వెంటనే కొట్టేయలేదు. ఐదింట్లోనూ చదివేటప్పుడు ఎక్కువ నవ్వు వచ్చిన సీన్ ఇదే. ‘గురి’ కాలమ్‌లో మొత్తం ‘భర్త’ అనే ఉంది. భర్తని ఆటపట్టిస్తోంది కదా, ఆడవాళ్ల పక్షమే కదా అని వాదించొచ్చు.

సీన్ చివరి పంక్తులు చూడండి. భార్య మర్నాడు పొద్దున బస్సుకి తిరిగొస్తుంది. స్టవ్ మీద మాడిన మూకుడు, గట్టు మీద ఒలికిన ఆవాలు. అత్తగారు హాల్లోంచి అంటుంది: “మావాడికి ఇవన్నీ తెలీవమ్మా, పాపం చిన్నప్పట్నించీ చదువే.” భార్య నవ్వి కొంగు బిగిస్తుంది. నవ్వు మగాడి మీద, మూకుడు తోమడం ఆమె మీద. చేతకానితనమే అతనికి సెలవు చీటీ. చూసేవాడు హాయిగా నవ్వి, తన సెలవు చీటీ కూడా ఇంకో ఏడాదికి పొడిగించుకుంటాడు.

ఎనిమిదో కాలమ్ ఇక్కడే పుట్టింది: సీన్ ముగిసేసరికి పని ఎవరి నెత్తిన పడింది? గురి ఒకరై, పని ఇంకొకరిదైతే ఆ వెక్కిరింత ఉత్తుత్తిదే. ఈ కాలమ్ ఏ సిద్ధాంతంలోనూ లేదు. ఇంటి కామెడీకి మాత్రం ఇది లేకుండా పట్టిక కుంటిది.

దీనికి తోడు మనస్తత్వవేత్తలు ఫోర్డ్, ఫెర్గూసన్ 2004లో చేసిన ప్రతిపాదన ఒకటుంది. కించపరిచే జోకు కొత్తగా వివక్షని పుట్టించడం కంటే, అప్పటికే ఆ భావాలున్నవారికి ‘ఇక్కడ ఇది మామూలే’ అన్న అనుమతిలా పనిచేస్తుందని. అత్తగారి పంక్తి అచ్చంగా అలాంటి అనుమతే. పంక్తి బంగారంలాంటిది, వదులుకోవడం కష్టమే. అయినా సీన్‌తోపాటు వెళ్లిపోయింది.

ఖాతా: సీను 1, పంక్తులు 32, కాలమ్‌లు 8.

దశ 5: మోటారు సీన్ స్క్రిప్టు

నడిమి భాగం ఇది, కొన్ని పంక్తులు వదిలేసి. ఎంఎఫ్‌డీ అంటే కండెన్సర్ సామర్థ్యం కొలత.

ఎలక్ట్రీషియన్: సార్ లేరా అమ్మా?
ఆమె: చెప్పండి, ఫోన్ చేసింది నేనే.
ఎలక్ట్రీషియన్: సార్‌ని ఒకసారి పిలవండమ్మా.
(భర్త ఫోన్ చూసుకుంటూ వస్తాడు.)
ఎలక్ట్రీషియన్: ఏమైంది సార్ మోటారు?
భర్త: ఏమైందంట?
ఆమె: బొంయ్‌మంటోంది గానీ తిరగట్లేదు. కండెన్సర్ పోయింది.
భర్త: బొంయ్‌మంటోందంట. కండెన్సర్ పోయిందంట.
ఎలక్ట్రీషియన్: ఎంత ఎంఎఫ్‌డీ సార్?
భర్త: ఎంతంట?
ఆమె: ముప్పై ఆరు.
భర్త: ముప్పై ఆరంట.
ఎలక్ట్రీషియన్ (ప్యానెల్ తెరిచి): కరెక్టుగా చెప్పారు సార్. మీరు ఈ లైన్లో ఉన్నారా?
భర్త: ఏదో... కొద్దిగా.

మొదటి రాతలో ఎలక్ట్రీషియన్‌కి పల్నాడు యాస దట్టించి, ఇంగ్లీషు మాటలు తప్పు పలికించారు. ‘గురి’ కాలమ్ నింపితే అతని పంక్తుల్లో నాలుగింటికి ‘ఎలక్ట్రీషియన్’ అని వచ్చింది. ఆడామగా తేడా మీద గురిపెట్టిన నవ్వు చదువూ ఊరూ తక్కువనుకున్నవాడి మీదకి జారిపోయింది. ఇళ్లలోకి పనికొచ్చేవాళ్లు పాత్రలుగా ఉన్న ప్రతి స్క్రిప్టులో ఈ జారుడు ఉంటుంది, చూసుకోండి. ఆ నాలుగు పంక్తులూ తీసేసి, అతన్ని పని తెలిసిన మనిషిగా, మర్యాదస్తుడిగా చేశాం. టెస్టర్ పట్టుకునే తీరులోనే అది కనబడాలి. అతను మంచివాడైనకొద్దీ రివాజు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించింది.

భర్త నటనలోనూ ఒక మార్పు. రిహార్సల్లో నోరు తెరిచి, కళ్లు తేలేసి వెర్రిబాగులవాడిలా చేశాడు. అప్పుడది ఒక తెలివితక్కువ మనిషి కథ అవుతుంది, రివాజు తప్పించుకుంటుంది. ప్రాణమున్న మనిషిలో యంత్రంలాంటి బిగువు కనిపిస్తే నవ్వొస్తుందని తత్వవేత్త బెర్గ్‌సన్ (1900) అన్నది ఇక్కడ సూటిగా పనికొచ్చింది. భర్త మామూలుగా, సగం ధ్యాస ఫోన్ మీదే ఉంచి, విన్నది విన్నట్టు అప్పజెప్పాలి. తను నవ్విస్తున్నానని అతనికి తెలియకూడదు.

ఖాతా: పంక్తులు 28.

దశ 6: షూటింగ్

1. కండెన్సర్: ఉబ్బిపోయిన పాతది ఎలక్ట్రికల్ షాపులో అడిగితే ఇచ్చేస్తారు. ఉబ్బు క్లోజప్‌లో కనబడాలి. మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూసుకున్నాకే ప్యానెల్ తెరవాలి. ఈమధ్యే పనిచేసిన కండెన్సర్‌లో కరెంటు ఆపాక కూడా ఛార్జి మిగిలి ఉంటుంది, నటుల చేతికి అది ఇవ్వొద్దు.
2. ‘బొంయ్’ శబ్దం: చచ్చిన కండెన్సర్‌తో మోటారు నిజంగా ఆన్ చేసి రికార్డు చేయాలనుకోవద్దు, వైండింగ్ కాలుతుంది. ఆరోగ్యంగా ఉన్న మోటారు శబ్దం తీసుకుని ఎడిటింగులో స్థాయి దించి వాడాం.
3. వెలుతురు: సెల్లార్‌లో ట్యూబులైట్లు. మన కరెంటు 50 హెర్ట్జ్, వెలుగు సెకనుకి 100 సార్లు మినుకుతుంది. ఫోన్ ఆటోలో వదిలేస్తే షట్టర్ 1/60కి వెళ్లి తెర మీద నీడ పట్టీలు పాకాయి. 25 ఫ్రేములు, షట్టర్ 1/50కి బిగించాక పోయాయి.
4. శబ్దం: సెల్లార్ ఖాళీ డబ్బా, ప్రతి మాటా మోగుతుంది. ముగ్గురికీ కాలర్ మైకులు తప్పనిసరి. పార్కు చేసిన కార్ల మీద దుప్పట్లు పరిస్తే మోత కొంత తగ్గింది. ‘పాత ఇనుప సామాన్లు కొంటాం’ మైకు బండి మాత్రం మన చేతిలో లేనిది, వెళ్లిపోయేదాకా ఆగాల్సిందే.

అన్నిటికంటే పెద్ద దెబ్బ షాట్ విభజనలో తగిలింది. ముగ్గురికీ విడివిడిగా క్లోజప్‌లు తీసి, మాట మాటకీ కట్ చేశాం. కూర్చిన సీన్‌లో నవ్వు లేదు. కారణం సూటిగానే ఉంది: ఆమె, ఎలక్ట్రీషియన్ చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఉన్నా మాట భర్త మీదుగా తిరిగొస్తోందన్నదే జోకు. క్లోజప్‌లో ఆ దూరం కనబడదు, ఆమె మేడమీద ఉన్నట్టూ అనిపించవచ్చు. మళ్లీ తీశాం: ముగ్గురూ నడుము దాకా ఒకే ఫ్రేములో, ప్యానెల్ ఎడమన, భర్త కాస్త వెనగ్గా నడిమిన, కట్ లేకుండా ఒకే టేకు. క్లోజప్ ఒక్క కండెన్సర్‌కే.

ఖాతా: పంక్తులు 28, నిడివి 3 నిమిషాల 5 సెకన్లు.

దశ 7: నవ్వు కొలత

ఎడిట్‌ని టీవీలో పెట్టి చిన్న గుంపులకి చూపించి, అనుమతి తీసుకుని వాళ్లని వీడియో తీశాం. నవ్వు స్థాయికి కొలబద్ద ముందే కావాలి. నాట్యశాస్త్రంలో ఆరున్నాయి: స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. పళ్లు కనబడని చిరునవ్వు దగ్గర్నుంచి కళ్లనీళ్లతో పక్కలు పట్టుకునేదాకా. దేహంలో ఏం కనబడుతుందో చెప్పిన కొలబద్ద కాబట్టి కొలవడానికి బాగుంటుంది. అయితే అదే గ్రంథం ఈ ఆరింటినీ ఉత్తమ, మధ్యమ, అధమ ప్రకృతులకి పంచి, హాస్యరసం ఎక్కువగా స్త్రీలలో, నీచ ప్రకృతుల్లో కనబడుతుందంటుంది. కొలబద్ద తీసుకున్నాం, అంతస్తులు తీసుకోలేదు.

ఆరు మెట్లు వీడియోలో విడదీయలేకపోయాం. విహసితానికీ ఉపహసితానికీ మధ్య ఇద్దరు గుర్తించేవాళ్లు ప్రతిసారీ తగువే. నాలుగుకి కుదించాం: 0 ఏమీ లేదు, 1 మొహంలోనే, 2 శబ్దం, 3 ఒళ్లు కదిలింది. ఒట్టి ఆడియో తీస్తే 1 దొరకదు. ఇంటి జోకులకి సగం నవ్వు ఆ 1లోనే ఉంటుంది, పక్కన అత్తగారో మొగుడో కూర్చున్నప్పుడు మరీను.

పద్ధతి:

1. సినిమా ఫైలు మొదట్లో ఒక చప్పట్లు పెట్టండి. టీవీ ఆలస్యం ఎంతున్నా, ప్రేక్షకుల రికార్డింగులో ఆ చప్పట్ల నుంచి లెక్క మొదలవుతుంది.
2. మైకు ప్రేక్షకుల వైపు, టీవీకి వీపు పెట్టి ఉంచాలి. లేకపోతే నటుల గొంతే నిండుతుంది.
3. ఫ్యాను ఆపొద్దు. గుంటూరు ఎండల్లో ఫ్యాను ఆపితే ఏ సిద్ధాంతమూ నవ్వించదు. 100 హెర్ట్జ్ కింది శబ్దం ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కోసేయండి.
4. ఎక్కడ ఎంత నవ్వారో గుర్తులు పెట్టడానికి ‘ఇలాన్’ అనే సాఫ్ట్‌వేర్ వాడండి. నెదర్లాండ్స్‌లో నైమెహెన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ తయారుచేసింది, ఉచితం. వరసలు నాలుగు: సంభాషణ, ఆడవాళ్ల నవ్వు, మగవాళ్ల నవ్వు, గమనిక. 25 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేము 40 మిల్లీసెకన్లు, ఈ పనికి అంత చాలు.

గుర్తుల్లో బయటపడినవి రెండు. ‘అంట’ చుట్టు (ఎలక్ట్రీషియన్ ప్రశ్న, భర్త ‘అంట’, ఆమె జవాబు, మళ్లీ భర్త ‘అంట’) మొదటిసారి 1, రెండోసారి 2. మూడోసారికి భర్త నోరు తెరవకముందే 3. నాలుగో చుట్టుకి (‘ఎన్నేళ్లయింది సార్ వేసి?’) మళ్లీ 1కి పడింది. ఊహించగలగడం మూడోసారికి సరదా, నాలుగోసారికి విసుగు. నాలుగో చుట్టు నాలుగు పంక్తులూ తీసేశాం.

రెండోది విరామం. మూడో చుట్టు నవ్వు కింద ‘కరెక్టుగా చెప్పారు సార్’ వినబడలేదు. ఒక సెకను ఖాళీ పెడితే గుంపులో సరిపోయింది గానీ, ఒంటరిగా ఫోన్లో చూసినప్పుడు వీడియో ఆగిపోయినట్టుంది. ఖాళీకి బదులు ఎలక్ట్రీషియన్ స్క్రూడ్రైవర్‌తో ప్యానెల్ మూత విప్పే పని పెట్టాం. గుంపుకి నవ్వుకునే వ్యవధి, ఒంటరి ప్రేక్షకుడికి చూడటానికి పని.

ఖాతా: పంక్తులు 24, నిడివి 2 నిమిషాల 50 సెకన్లు.

దశ 8: ముగింపు, శీర్షిక, సబ్‌టైటిళ్లు

మొదటి ముగింపులో ఆమె ఎలక్ట్రీషియన్‌కీ భర్తకీ ఆరు పంక్తుల క్లాసు పీకుతుంది. స్థాయి 0, అన్ని గుంపుల్లోనూ. అప్పటిదాకా ప్రేక్షకుడు తనంతట తాను పట్టుకున్న సంగతిని ఆమె మళ్లీ విప్పి చెప్పింది. కొత్త ముగింపులో డబ్బులు ఆమె ఫోన్ నుంచే యూపీఐలో వెళ్తాయి. ఎలక్ట్రీషియన్ ఆమె ఫోన్ చేసిన నంబరుని, మళ్లీ అవసరమైతే ఉంటుందని సేవ్ చేసుకుంటాడు. తెర మీద అతని వేలు టైపు చేస్తున్న పేరు: ‘బ్రాడీపేట మోటారు సార్’. మాట ఒక్కటే, “ఏదన్నా ఉంటే సార్‌ని ఫోన్ చెయ్యమనండమ్మా.” ఎనిమిదో కాలమ్: పని ఆమెది, డబ్బు ఆమెది, పేరు సార్‌ది. రివాజు ఎదురులోనే ఉంది.

సబ్‌టైటిళ్లలో భార్య మాట, భర్త ‘అంట’ మాట ఒకే కార్డులో పడ్డాయి. భర్త పలకకముందే చదివేసి, మూడో చుట్టు 3 కాస్తా 1 అయింది. ఒక్కో మనిషికి ఒక్కో కార్డు, మాట మొదలైన ఫ్రేములోనే రావాలి. అక్షరాలు తెర కింది అంచుకి మరీ దగ్గరగా పెట్టకండి, ఫోన్‌లో బటన్లు వాటిని కప్పేస్తాయి.

శీర్షికతో సీన్ తలకిందులైంది. ‘తెలివైన భార్య – అమాయకపు భర్త’ అని పెట్టి చూపిస్తే, చూసినవాళ్లు ‘పాపం ఆయన’ అన్నారు, గురి మళ్లీ భర్త మీదకి వెళ్లింది. వీడియో ఒక్క ఫ్రేము కూడా మారలేదు. అందుకే శీర్షికనీ, థంబ్‌నెయిల్ మీది అక్షరాల్నీ కూడా పట్టికలో ఒక పంక్తిగా రాసి ఎనిమిది కాలమ్‌లూ నింపండి. ఇప్పుడున్న శీర్షిక ‘సార్ లేరా అమ్మా?’. థంబ్‌నెయిల్‌లో ముగ్గురూ ఒకే ఫ్రేములో, అక్షరాలేమీ లేవు.

ఖాతా: పంక్తులు 19, నిడివి 2 నిమిషాల 28 సెకన్లు, కాలమ్‌లు 8. తర్వాత పట్టికకెక్కేది హెల్మెట్ల సీన్. దాని ‘ఎదురు’ కాలమ్ ఇంకా ఖాళీ.